ఆమె నంబరు ఎవరి జేబులో మోగుతోంది?

2014 నుంచి 2018 దాకా దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో తిరిగి కోయ స్త్రీల పాటలు రికార్డు చేసుకున్నాను. నా పిహెచ్‌.డి. అంశం అదే. ఆ రోజుల నోటు పుస్తకం చివరి పేజీల్లో ఒక పట్టిక వుంది. పాట చెప్పినామె పేరు, ఊరు, సుమారు వయసు, ఫోన్ నంబరు. పద్నాలుగు పేర్లు, ప్రతి పేరుకీ ఎదురుగా ఒక నంబరు. ఎంత పద్ధతిగా పనిచేశానో అని ఆ పట్టిక చూసి చాలాసార్లు మురిసిపోయాను.

2021లో ఆ పాటల్లో కొన్నిటిని ఒక సంకలనంలో వేస్తామన్నారు. పాడినవాళ్ళ అనుమతి తీసుకోమన్నారు. కోవిడ్ రోజులు, వెళ్ళే వీల్లేదు. ఫోన్లు చేశాను. ఒక నంబరుకి చేస్తే మగ గొంతు పలికింది. అక్క వుందా అనడిగితే "అడవికి పోయింది మేడం, ఏందో చెప్పండి" అన్నాడు. చెప్పాను. "పర్లేదు మేడం, వేసుకోండి" అన్నాడు. నేను ఆ పేరు ఎదురుగా టిక్కు పెట్టుకుని, తర్వాతి నంబరు నొక్కాను.

పుస్తకం వచ్చాక ఒక ప్రతి పట్టుకుని ఆ ఊరు వెళ్ళాను. ఆమెకి చదవడం రాదు. నేనే చదివి వినిపించాను. రెండో పాట దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది. చనిపోయిన చెల్లెలి కోసం కట్టుకున్న పాట అది. ఒక రాత్రి నా పక్కన పడుకుని చెప్పింది.

"ఇది నీకు చెప్పిన. బుక్కుల పెట్టమని చెప్పలే" అంది.

"అక్కా, ఫోన్ చేసి అడిగాను గదా, నీ నంబరుకి."

"నా నంబరా? నాకు ఫోనేడిది చెల్లె?"

కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. తనకో నంబరుందనీ, ఆ నంబరు తన తరపున నాతో మాట్లాడిందనీ, ఒప్పుకుందనీ ఆమెకి అప్పుడే తెలిసింది. ఫోను తీసినవాడు ఆమె పెద్ద కొడుకు. అతను చేసిన తప్పేమీ లేదు. మేడం అడిగింది, మంచిపనే గదా అనుకున్నాడు. తప్పు చేసింది నేను. ఒక నంబరుని మనిషనుకున్నాను.

ఇంటికొచ్చి ఆ పట్టిక మళ్ళీ తీశాను. పేర్లు పద్నాలుగే. వేర్వేరు నంబర్లు లెక్కపెడితే ఐదే వచ్చాయి. నలుగురు స్త్రీల ఎదురుగా వున్న నంబరు, నన్ను బండి మీద ఊళ్ళకి తిప్పిన కుర్రాడిది. రాసుకున్న రోజునే అన్నీ నా కళ్ళ ముందున్నాయి. చూడలేదు. గడి నిండితే చాలనుకున్నాను.

ఈ వ్యాసం ఆ గడి గురించి. ఈ దేశంలో ఇప్పుడు ప్రతి కాగితం మీదా, ప్రతి తెర మీదా కనపడే "మొబైల్ నంబరు" అనే గడి. అది అమాయకమైన గడి కాదని నా వాదన.

మన సంగతి ముందు చూద్దాం. నాకొక నంబరుంది. అది ఫోన్లో, లాప్‌టాప్‌లో, టాబ్లెట్‌లో ఒకేసారి పలుకుతుంది. వాట్సాప్ 2021లో ఒకే ఖాతాని వేర్వేరు పరికరాల్లో తెరుచుకునే వీలు కల్పించింది. 2023లో ఇంకో ఫోన్లో కూడా అదే ఖాతా పెట్టుకోవచ్చంది. వర్చువల్ నంబరు ఇంకో అడుగు ముందుకెళ్ళింది. అసలా నంబరు ఏ సిమ్ములోనూ వుండదు. ఎక్కడో కంప్యూటర్లలో వుంటుంది. ఎవరైనా ఆ నంబరుకి చేస్తే, మనం చెప్పిన పరికరాలన్నీ మోగుతాయి. ఎక్కడ తీస్తే అక్కడ మాట్లాడతాం. అమెరికాలో 2009లో వచ్చిన గూగుల్ వాయిస్ ఈ పద్ధతిదే. ఫోన్ పోయినా నంబరు పోదు. ఊరికి ఒక నంబరు, అయినవాళ్ళకి ఒక నంబరు ఇవ్వొచ్చు. అక్కర్లేని వాళ్ళని గుమ్మం బయటే ఆపొచ్చు.

ఇది స్త్రీలకి చిన్న సౌకర్యం కాదు. పత్రికలో కథ కింద ఫోన్ నంబరు వేస్తే ఎలాంటి ఫోన్లు వస్తాయో ఇక్కడ రాసే ప్రతి ఒక్కరికీ తెలుసు. న్యూజెర్సీలో వుండే నా స్నేహితురాలు భర్త నుంచి విడిపోయే రోజుల్లో మొదట సంపాదించుకున్నది ఒక వర్చువల్ నంబరు. అప్పటిదాకా ఆమె ఫోను భర్త పేరు మీదున్న ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను. ఆమె ఎవరికి, ఎంతసేపు ఫోన్ చేసిందో అతను ఆన్‌లైన్‌లో చూసుకునేవాడు. లాయరుతో మొదటిసారి మాట్లాడింది ఆ కొత్త నంబరు మీదే. రాసుకోడానికి స్త్రీకి సొంత గది వుండాలని వర్జీనియా ఊల్ఫ్ 1929లో అంది. ఈ కాలంలో ఆ గదికి తలుపు ఫోన్ నంబరే అన్పిస్తుంది నాకు.

సౌకర్యం పరికరాల వల్ల రాలేదు. ఆ నంబరు నాది కావడం వల్ల వచ్చింది. ముందు నంబరుకి ఒక మనిషి వుండాలి. ఆ మనిషికి ఎన్ని పరికరాలున్నాయన్నది తర్వాతి సంగతి. ఒక మనిషి, ఒక నంబరు, అనేక పరికరాలు. ఇది మన లెక్క. భద్రాచలం అడవి అంచున ఇదే లెక్క తలకిందులై, అనేకమంది మనుషులు, ఒక నంబరు, ఒక పరికరం అయింది. ఆ పరికరం ఒక మగవాడి జేబులో వుంది.

మన దేశంలో ఒక మనిషి తన పేరు మీద తొమ్మిది సిమ్ కార్డుల దాకా తీసుకోవచ్చు. అదే సమయంలో ఒకే ఫోన్ నంబరుని ఎంతమంది ఆధార్‌కైనా జతచెయ్యొచ్చు. ఈ రెండు నియమాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరి పేరు మీద తొమ్మిది నంబర్లు. తొమ్మిది మంది పేర్ల మీద ఒక నంబరు. రెండూ సక్రమమే. ఎవరు తొమ్మిది నంబర్లవాళ్ళో, ఎవరు తొమ్మిది మందిలో ఒకరో వేరే చెప్పక్కర్లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ వున్న స్త్రీలు దేశం మొత్తం మీద 54 శాతం. మిగిలిన వాళ్ళకీ కాగితాల మీద నంబర్లుంటాయి. గడి ఖాళీగా వుంటే దరఖాస్తు ముందుకి కదలదు గనక.

ఆ గడిలో పడేది ఎవరి నంబరు? భర్తది, కొడుకుది, మరిదిది. లేకపోతే మీసేవ కుర్రాడిది, ఆశా కార్యకర్తది. రాసేటప్పుడు అది చిన్న సర్దుబాటు. తర్వాత అదే ఆమె సంతకం అవుతుంది. ఎందుకంటే ఈ రోజుల్లో సంతకం అంటే ఓటీపీ. ఆరంకెలు ఎవరి ఫోనుకొస్తే వాళ్ళే ఆమె.

అంతకు ముందు వేలిముద్ర వుండేది. నిశాని. అదేదో స్వర్ణయుగమని నేననడం లేదు. తెల్లకాగితాల మీద నిశానీలు వేయించుకుని వడ్డీ వ్యాపారులు ఆదివాసుల భూములు ఎట్లా లాక్కున్నారో ఈ ప్రాంతానికి తెలుసు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970లో 1/70 చట్టం తేవాల్సి వచ్చింది. కట్టెలు కొట్టి, వరి కోసి అరిగిపోయిన వేళ్ళని మిషన్లు గుర్తుపట్టకపోవడం కూడా చూశాం. అయినా ఒక్క మాట. నిశాని వెయ్యాలంటే ఆమె బొటనవేలు కావాలి. మోసం చెయ్యడానికైనా ఆమెని అక్కడికి తీసుకురావాలి. ఓటీపీకి ఆమె రానక్కర్లేదు. ఆమె అడవిలో ఆకు కోస్తుండగానే ఆమె ఒప్పుకున్నట్టు నమోదైపోతుంది. నా పాట విషయంలో జరిగింది అదే.

ఇప్పుడు మన చట్టాలు చూడండి. అటవీ హక్కుల చట్టం, 2006, సెక్షన్ 4(4) ప్రకారం పెళ్ళయినవాళ్ళకిచ్చే హక్కుపత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ వుండాలి. దాని వెనక ఎందరి పోరాటమో వుంది. పోడు భూమిని నరికి, కాల్చి, విత్తి, కలుపు తీసి, రాత్రిళ్ళు పందుల్ని తోలిన స్త్రీకి ఆ భూమి మీద పేరు దక్కింది. పేర్లు రెండు. నంబరో? భూమికి సంబంధించి వచ్చే కబురు, ఆ భూమి మీద వచ్చే డబ్బు గురించిన మెసేజి ఒక్క జేబులోనే మోగుతాయి. జన్‌ధన్ ఖాతా ఆమెది. 2020 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో లాక్‌డౌన్ సాయంగా స్త్రీల జన్‌ధన్ ఖాతాల్లో నెలకి 500 రూపాయలు వేశారు. డబ్బు పడిన సంగతి ముందు తెలిసింది ఎవరికి? 2016లో మొదలైన ఉజ్వల పథకంలో గ్యాసు కనెక్షను స్త్రీ పేరు మీదే ఇస్తారు. సిలిండరు ఇంటికొచ్చినప్పుడు చెప్పాల్సిన కోడు రిజిస్టరైన ఫోనుకొస్తుంది. పొయ్యి ఆమెది, పొగ ఆమెది, కోడు ఆయన దగ్గర. ఆయన మిరపకాయల లోడుతో ఖమ్మం మార్కెట్టుకి పోయుంటే సిలిండరు గుమ్మంలో ఆగుతుంది.

పేరు ఆమెకిచ్చి, తాళం చెవి అతనికిచ్చిన పని ఇది. ఏ మంత్రీ కూర్చుని కుట్ర పన్ని వుండకపోవచ్చు. ఒక గుమాస్తా గడి గీశాడు. ఒక ప్రోగ్రామరు దానిపక్కన ఎర్ర చుక్క పెట్టి తప్పనిసరి అన్నాడు. కుట్ర అక్కర్లేకుండా, అలవాటుగా పనిచెయ్యడమే పితృస్వామ్యానికున్న బలం.

ఈ సరిహద్దు ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత వుంది. ఇక్కడ మనుషులు కదలకుండానే చిరునామాలు మారిపోతాయి. 2014లో పోలవరం కోసం కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో వుండిపోయింది, దాని చుట్టూ వున్న పంచాయతీలు అటు వెళ్ళాయి. 2016లో ఖమ్మం జిల్లా చీలి భద్రాద్రి కొత్తగూడెం అయింది. అటు వెళ్ళిన మండలాల్లో కొన్ని 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరాయి. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, ఆఫీసు మారింది, కార్డులన్నీ మళ్ళీ చేయించుకోవాల్సి వచ్చింది. ఇన్ని మారినా ఆమె కాగితాల మీది నంబరు మాత్రం భర్తదే.

ఇంకా లోపలికి, 2005 తర్వాత సల్వాజుడుం హింస నుంచి పారిపోయొచ్చిన గుత్తికోయల గూడేలున్నాయి. అక్కడి స్త్రీకి భాష వేరు, ధ్రువపత్రాలు లేవు. అక్కడ ఒక ఫోను ఒక కుటుంబానిది కూడా కాదు, కొన్నిసార్లు ఒక గూడేనిది. సిగ్నలు ఇంట్లో రాదు. ఒక గుట్ట మీదో, రోడ్డు మలుపులో ఒక చెట్టు కిందో వస్తుంది. చీకటి పడ్డాక అంత దూరం వెళ్ళగలిగేది ఎవరు? బండి వున్నవాడు. టవర్లు లేవని కాదు. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లోని 2,343 టవర్లని 2జీ నుంచి 4జీకి మార్చాలని కేంద్ర క్యాబినెట్ 2022 ఏప్రిల్‌లో నిర్ణయించింది. టవరు ఊరిదాకా వస్తుంది. టవరు నుంచి ఆమె చెవిదాకా వున్న దూరాన్ని ఏ క్యాబినెట్టూ లెక్కలోకి తీసుకోలేదు.

పోనీ ఆమెకే ఒక సిమ్ము కొనిపెడితే? చేశాం. నేనే ఇద్దరికి కొనిపెట్టాను. మిరప కోతలప్పుడు రీచార్జికి డబ్బులుంటాయి. వానాకాలంలో వుండవు. తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా వుంటే కంపెనీ ఆ నంబరు రద్దు చెయ్యొచ్చు. ఆ తర్వాత ఇంకో తొంభై రోజులు ఆగి అదే నంబరుని ఇంకొకరికి అమ్మొచ్చు. నేను కొనిచ్చిన నంబర్లలో ఒకదానికి ఫోన్ చేస్తే ఎవరో హిందీలో పలికారు. మన మధ్యతరగతి ఇళ్ళలో నంబరంటే పదిహేనేళ్ళుగా వున్న ఆస్తి. ఆమెకి అద్దె ఇల్లు. అద్దె కట్టలేకపోతే సామాన్లతో సహా పోతుంది. బ్యాంకు మెసేజిలూ ఓటీపీలూ ఆ కొత్త అద్దెదారుకి వెళ్తుంటాయి.

ఇక్కడ మన విశ్వవిద్యాలయాల్లో తరచూ వినే ఒక మాటకి జవాబు చెప్పాలి. "ఆదివాసులది సామూహిక జీవితం. ప్రైవసీ, సొంత నంబరు ఇవన్నీ మన పట్టణ భావనలు. వాళ్ళ మీద రుద్దకండి" అంటారు. సెమినార్లలో ఈ మాటకి చప్పట్లు పడతాయి. ఒకప్పుడు నేనూ కొట్టాను. ఇప్పుడు కొట్టను. ఎందుకంటే నాకు పాట నేర్పింది వేరే. పాట అందరిదే. కానీ ఏ పాట ఎవరి ముందు పాడాలి, ఏది పెళ్ళిలో, ఏది చావులో, ఏది ఆడవాళ్ళు మాత్రమే వున్నచోట, ఏది రాత్రి ఒక మనిషి చెవిలో, వీటన్నిటికీ కట్టుబాట్లున్నాయి. పంచుకోవడమంటే హద్దుల్లేకపోవడం కాదు. హద్దులు లేవనుకున్నది నేను. "నీకు చెప్పిన, బుక్కుల పెట్టమని చెప్పలే" అన్న ఆమె మాటకన్నా స్పష్టంగా ప్రైవసీని నిర్వచించిన వాక్యం నాకు తెలీదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ తీర్పు చదవకుండానే ఆ హక్కు ఆమెకి తెలుసు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై వుండాలంటుంది. ఆమె కొడుకు ఫోనులో పలికిన "పర్లేదు మేడం" ఈ మూడింటిలో దేనికి సరిపోతుంది?

పైగా ఆ ఒక్క ఫోను నిజంగా సామూహికమైతే, రాత్రిపూట ఆమె దిండు కింద కూడా వుండాలి గదా. సామూహికమన్నది ఎప్పుడూ మగవాడి జేబులోనే ఎందుకుంటుంది?

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది హెల్ప్‌లైన్ సంగతి. హెల్ప్‌లైన్ అంటే ఒక రకం వర్చువల్ నంబరే. 181 అని నొక్కితే అది ఒక బల్ల మీది ఒక ఫోన్‌కి కాదు, ఖాళీగా వున్న ఎవరో ఒక కార్యకర్తకి వెళ్తుంది. ఒక నంబరు, అనేకమంది వినేవాళ్ళు. స్త్రీల ఉద్యమం గట్టిగా అడిగి సంపాదించుకున్న మంచి ఏర్పాటు. కానీ అవతలి కొస ఆలోచించండి. దెబ్బలు తిన్న స్త్రీ ఎవరి ఫోన్లోంచి చేస్తుంది? కొట్టినవాడి ఫోన్లోంచి. చేసిన నంబరు అందులో నిలిచిపోతుంది. తుడిచెయ్యడం ఆమెకి రాకపోవచ్చు. మర్నాడు "అమ్మా, ఎలా వున్నారు" అని మనసున్న కార్యకర్త తిరిగి ఫోన్ చేస్తే తీసేది అతను. సాయం చెయ్యాలనుకున్న చెయ్యే ఆమెని పట్టిచ్చేస్తుంది.

ఇది పరిష్కారం లేని సమస్య కాదు. అమెరికాలో 2022 డిసెంబర్‌లో సేఫ్ కనెక్షన్స్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. హింస చేసేవాడితో ఒకే ఫోన్ ప్లాన్‌లో వున్న స్త్రీ అడిగితే, ఆమె లైనుని రెండు పనిదినాల్లో విడదీసి ఆమెకివ్వాలి. నంబరు ఆమెతోనే వుంటుంది. హింస బాధితుల హెల్ప్‌లైన్లకి చేసిన కాల్స్ ప్లాన్ యజమాని చూసుకునే కాల్ జాబితాలో కనపడకుండా చెయ్యాలని అక్కడి నియమాలు చెప్తున్నాయి. నా స్నేహితురాలు విడిపోయే నాటికి ఈ చట్టం లేదు. అందుకే ఆమె తన దారి తనే వెతుక్కుంది. ఫోన్ ప్లాన్ కూడా కాపురంలాంటిదేననీ, దాన్నుంచి విడిపోయే హక్కు స్త్రీకుండాలనీ అక్కడ చట్టం గుర్తించింది. ప్లాన్‌లు, బిల్లులు అంత ఎక్కువగా లేని, ఫోన్లే చేతులు మారే మన దగ్గర ఆ హక్కు రూపం వేరుగా వుంటుంది. ఆ రూపం ఏమిటో రాయాల్సింది మనం.

నా ప్రతిపాదన ఇది. వర్చువల్ నంబరు అవసరం నాకన్నా ఆమెకే ఎక్కువ. సొంత సెల్లు లేని స్త్రీకి, ఎవరి సెల్లులోంచైనా తెరుచుకోగల సొంత నంబరు వుండాలి. అంగన్‌వాడీలోనో, మహిళా సంఘం దగ్గరో, పోస్టాఫీసులోనో ఒక ఫోను. ఆమె వచ్చి తన రహస్య సంఖ్య చెప్తే, లేదా తన గొంతుతో పలికితే, తనకొచ్చిన కబుర్లు ఆమెకి తెలిసిన భాషలో చదివి వినిపించాలి. ఫోను పగిలినా, రీచార్జి అయిపోయినా, మొగుడు లాక్కున్నా, రాష్ట్రం మారినా నంబరు ఆమెదే. ఇదేదో ఊహాలోకం కాదు. మన అడవికి ఆవలిపక్క ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. ఒక నంబరుకి ఎవరి ఫోన్లోంచైనా మిస్డ్ కాల్ ఇస్తే అది తిరిగి చేస్తుంది. మనం చెప్పింది గొంతుతో రికార్డు చేసుకుంటుంది, మిగతావాళ్ళు చెప్పింది వినిపిస్తుంది. గోండి భాషలోనూ మాట్లాడొచ్చు. చదువు అక్కర్లేదు, ఖరీదైన ఫోను అక్కర్లేదు. ఒక నంబరు చుట్టూ వేలమంది గొంతులు చేరగలిగినప్పుడు, ఒక గొంతుకి తనదైన నంబరు ఇవ్వడం సాంకేతికంగా కష్టమంటే నేను నమ్మను.

కష్టం వేరే చోట వుంది. సర్కారు ఆలోచన ఎదురు దిక్కుగా వెళ్తోంది. 2025 నవంబర్‌లో టెలికాం శాఖ, వాట్సాప్‌లాంటి మెసేజి సేవలు ఖాతా తెరిచిన సిమ్ము ఆ ఫోన్లో వుంటేనే పనిచెయ్యాలని కంపెనీలకి ఆదేశాలిచ్చింది. కంప్యూటర్లో తెరిచినవి ఆరు గంటలకోసారి మూసుకుపోవాలంది. సైబర్ మోసాలు ఆపడానికన్నారు. మోసాలు నిజమే, వాటిలో పోయేది స్త్రీల డబ్బు కూడా. కాదనను. కానీ సిమ్ము, ఫోను, మనిషి, ఈ మూడూ ఒక్కటే అన్న నమ్మకం మీద ఈ రక్షణంతా కట్టారు. ఆ మూడూ ఒక్కటిగా వుండేది మనలాంటి వాళ్ళకే. పక్కవాళ్ళ ఫోన్లో తన ఖాతా తెరుచుకునే స్త్రీని కూడా ఈ చూపు దొంగగానే చూస్తుంది.

నంబరిచ్చినా మొగుడు బెదిరించి రహస్య సంఖ్య చెప్పించుకోడా అనొచ్చు. చెప్పించుకుంటాడు. బ్యాంకు పాసుబుక్కూ లాక్కున్నాడు, పట్టా కాగితమూ దాచాడు. అయినా ఖాతా ఆమె పేరు మీదొద్దనీ, పట్టాలో ఆమె పేరొద్దనీ మనం అనలేదు. హక్కు ముందు కాగితం మీద వుంటే, దానికోసం పోట్లాడ్డానికి ఒక చోటు దొరుకుతుంది. ఇప్పుడామెకి ఆ చోటు కూడా లేదు.

ఇది జరిగే లోపల చెయ్యగలిగినవి వున్నాయి. ప్రతి దరఖాస్తులోనూ నంబరు పక్కన "ఈ ఫోన్ ఎవరిది, ఎవరి దగ్గరుంటుంది" అని అడగాలి. "ఫోన్ లేదు" అన్నది చెల్లే జవాబు కావాలి. స్త్రీ పేరు మీదున్న భూమి, ఖాతా, పథకం ఏదైనా ఇంకొకరి ఫోనుకెళ్ళిన ఓటీపీని ఆమె సమ్మతిగా లెక్కెయ్యకూడదు. హెల్ప్‌లైన్ కార్యకర్త మొదటి ప్రశ్న "ఈ నంబరుకి తిరిగి చెయ్యొచ్చా, ఎప్పుడు చెయ్యొచ్చు" అన్నది కావాలి.

మిగిలింది మనం. సర్కారు గడిని విమర్శించడం తేలిక, మన గడి సంగతేమిటి? స్త్రీల గొంతులు వెలికి తెస్తున్నామని చెప్పుకుంటూ పాటలు, జీవిత కథలు, వాంగ్మూలాలు సేకరించే మనం, అనుమతి కోసం చేసిన ఫోన్లు ఎవరు తీశారు? మన పుస్తకాల ముందుమాటల్లో "ఫలానా ఊరి స్త్రీలకి కృతజ్ఞతలు" అని రాసేటప్పుడు ఆ మాట వాళ్ళకి చేరిందో లేదో ఎప్పుడైనా చూశామా? మధ్యలో వున్న మగ గొంతు మనకి సౌకర్యం. మన భాషలో మాట్లాడుతుంది, తొందరగా ఒప్పుకుంటుంది, పాట వద్దని అనదు. మన చదువులు ఆ సౌకర్యం మీద నడిచాయి. నా డాక్టరేటు కూడా.

నా పట్టిక దిద్దుకున్నాను. చాలా పేర్ల ఎదురుగా నంబరు కొట్టేసి "సొంత ఫోను లేదు, వెళ్ళి కలవాలి" అని రాశాను. సంకలనం రెండో ముద్రణకి ముందు ఆ పాట తీసేయమని అడిగాను, తీసేశారు. మొదటి ముద్రణ ప్రతులు మాత్రం లైబ్రరీల్లో వున్నాయి. వాటిని వెనక్కి తేలేను.

ఈ వ్యాసం రాసే ముందు మళ్ళీ వెళ్ళాను. దుమ్ముగూడెంలో బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, చివర నడిచి. ఫోను సంగతి రాసుకుంటానక్కా, రాయనా అని అడిగాను. ఇప్పపూలు ఎండబోస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫోను ముచ్చట రాసుకో. పేరు రాయకు, ఊరు రాయకు. పాట అసలే రాయకు" అంది. కొడుకు పక్కనే వున్నాడు. "మేడం, నా నంబరు మారింది, కొత్తది రాసుకోండి" అన్నాడు.

రాసుకున్నాను. అతని పేరు ఎదురుగా.